లోతు గిన్నె

బోర్డులు రాసే ఆవిడకి కుడి భుజం కీలు మార్చారు. నిద్రలో పక్కకి తిరిగినా జారిపోయే పాత కీలు తీసేసి, లోహపు గుండు ఒకటి, దాన్ని పట్టుకుని ఉండే ప్లాస్టిక్ గిన్నె ఒకటి అమర్చారు. నొప్పి పోయింది, జారడమూ పోయింది. చెయ్యి మాత్రం తలపైకి లేవలేదు. నిచ్చెనెక్కి తలకి పైన అక్షరాలు దిద్దుకుని బతికే మనిషికి అదీ ఒక చెయ్యేనా?

రోజూ గోడ మీద వేళ్ళు పాకించి, అందినంత మేర పెన్సిల్‌తో గీత పెట్టేది. గీత మీద గీత పడి నల్లబడిందే తప్ప వేలెడు పైకి జరగలేదు. పైగా మొగుడి సాధింపొకటి.

"మనసు పెట్టి చేస్తే ఎందుకు రాదే? ఒళ్ళు వంచవు కదా!"

కాబోలనుకుని ఆ పిచ్చిది పళ్ళు బిగబట్టి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ పాకించేది.

చివరికి డాక్టర్ ఎక్స్‌రే చూసి తాపీగా సెలవిచ్చాడు.

"ఇంతకన్నా లేవదమ్మా. లోతు గిన్నె కదా, గుండు జారదు. కానీ చెయ్యెత్తితే ఎముక దాని అంచుకి తగిలి ఆగిపోతుంది. లోతు తక్కువది పెడితే ఇంకా లేచేది, జారే భయం కాస్త ఉండేది. ఆపరేషన్ మధ్యలో బయటికొచ్చి ఇదంతా చెప్పే మీవారిని అడిగాను. జారనిదే పెట్టమన్నారు."

"నన్నడగలేదేం?"

"మీరు మత్తులో ఉన్నారు."

"ముందురోజు లేనుగా!"

డాక్టర్ ఎక్స్‌రేని కవర్లో పెట్టేశాడు. పక్కనున్న మొగుడు తేలు కుట్టిన దొంగలా తలుపు వైపు జరిగాడు.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి లేవనందుకు కాదు. లేవదని తెలిసీ ఇన్నాళ్ళూ తననే తిట్టాడే, అందుకు.

ఇంటికి రాగానే ఎర్ర రంగు డబ్బా తెరిచి, ఆ పెన్సిల్ గీత ఎత్తులోనే గోడలన్నిటికీ అడ్డంగా గీత లాగింది.

"దీనికి పైన ఏదీ ఉండకూడదు. దించు."

"నీ మంచికే కదే... మళ్ళీ జారితే ఏడుస్తావని..."

"దించమన్నానా!"

అటక మీది పెట్టెలు దిగాయి. అలమర పై అరలో డబ్బాలు దిగాయి. గోడ గడియారం దిగింది. గీత వీధి గదిలోకి, అతని వాచీల రిపేరు షాపులోకి వచ్చింది. గుమ్మం పైన అతని పేరుతో బోర్డు. పెళ్ళైన కొత్తలో ఆవిడే రాసింది.

"అదొద్దే బాబూ! అది తీస్తే షాపు ఎవరిదో జనానికెలా తెలుస్తుంది?"

"డాక్టర్ అడిగినప్పుడు ఈ చెయ్యి ఎవరిదో నీకు తెలిసిందా?"

అతను వెళ్ళి ఆవిడ నిచ్చెనే తెచ్చుకున్నాడు.