జాకెట్‌లో పగులు

నేను ఒక బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్‌ను. తూటాను ఆపేది నా పైనున్న ఖాకీ గుడ్డ కాదు, లోపలున్న పింగాణీ పలక. తూటాకు ఎదురు నిలుస్తుంది గానీ రాతి మీద పడితే పగులుతుంది. ఫ్యాక్టరీలో నన్ను కుట్టిన ఆమె చివరి దారం పంటితో తెంపి, ఒకసారి తడిమి పంపించింది. ఎవరి ఛాతీ మీదికి వెళ్తానో అడగలేదు. నాకు మాత్రం ఆ రోజు నుంచే భయం.

జిల్లా పోలీసు ప్రత్యేక దళంలో నన్ను ఓదెలు అనే కానిస్టేబుల్‌కు ఇచ్చారు. ఆయుధాల గది హెడ్ కానిస్టేబుల్ మొగిలయ్య చేతిలో ఉండేది. పెద్దసారు తనిఖీకి వస్తున్నాడంటే అక్కడ అందరి దిగులూ జాకెట్ల చెమట మరకల గురించే. మొగిలయ్య పలకలు బయటికి తీసి తొడుగులు ఉతికేవాడు. ఒకసారి ఆ తొందరలో నా పలక చేయి జారి బండ మీద పడింది. సన్నని పగులు. మొగిలయ్య దాని మీద వేలు పెట్టి చూశాడు, చుట్టూ చూశాడు, మళ్లీ లోపలికి తోసేశాడు. మర్నాడు సారు నన్ను చూసి "శుభ్రంగా ఉంది" అని మెచ్చుకున్నాడు. ప్రాణం కాపాడాల్సిన వస్తువును మనుషులు సబ్బు వాసన చూసి పాస్ చేస్తారు.

చెబితే మెమో ఇస్తారు. రేపు చెబుదాంలే అనుకుంటూ మొగిలయ్య నెల గడిపాడు.

ఒక ఉదయం ఊరి బయటి క్వారీలో తుపాకులతో దోపిడీ ముఠా దాక్కుందని కబురొచ్చింది. మనుషులు చాలక మొగిలయ్యనూ రమ్మన్నారు. తలా ఒకటి పోగా అదనపు జాకెట్ ఒక్కటీ లేదు. ఓదెలు లారీ ఎక్కబోతుంటే మొగిలయ్య పరుగున వచ్చాడు.

"ఓదెలూ, ఆ జాకెట్ నాకియ్యి. నాది నువ్వేస్కో."

"నీ బొర్రకు ఇది పడ్తదా అన్నా? పట్టీలు తెగి ఎస్సై సారు మీద వడ్తయ్!"

"నా బొర్ర సంగతి నీకెందుకురా. ఇయ్యమన్ననా లేదా?"

"పెండ్లికి పోతున్నమా, మార్చుకునుడేంది?" అని నవ్వుతూనే ఓదెలు నన్ను విప్పి ఇచ్చాడు.

క్వారీలో ఒక్క తూటా నా దాకా వచ్చింది. నేను ఆపలేకపోయాను. ఓదెలు మొగిలయ్య తలను ఒళ్లో పెట్టుకున్నాడు. అతని పెదవులు కదిలాయి.

"నీళ్లా అన్నా?"

సీసా మూత తీసేలోపే అంతా అయిపోయింది.

ఇప్పుడు ఆ ముఠా కేసులో సాక్ష్యంగా కోర్టు బల్ల మీద, మెడకు చీటీ కట్టించుకుని ఉన్నాను. సర్కారు వకీలు నన్ను ఎత్తి చూపి, ఇది ఎవరిదని అడిగాడు.

"నాదే సార్," అన్నాడు ఓదెలు. "నాది ఏసుకునే అన్న సచ్చిపోయిండు."

వెనక బెంచీలో కూర్చున్న మొగిలయ్య భార్య తలెత్తి ఓదెలును చూసింది.

ఆ చూపుకు కూడా నేను అడ్డం పడలేకపోయాను.