ఇద్దరి బరువు

రోజూ పొద్దున్న ఆరున్నరకి బైండరమ్మ మొగుణ్ణి మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చేది. దానికో పద్ధతి ఉంది. ముందు ఆయన కాళ్ళు రెండూ మంచం అంచుకి లాగాలి. తన కుడి మోకాలు ఆయన మోకాళ్ళ మధ్య ఆన్చాలి. ఆయన చేతులు తన మెడ చుట్టూ వేయించుకుని, చంకల కిందనుంచి వీపు వెనక తన చేతులు పెనవేసి, ఒక్క ఊపులో లేపి, అరచుట్టు తిరిగి కూర్చోబెట్టాలి. తర్వాత మొహం కడగడం, గడ్డం గీయడం, నాలుగు ముద్దలు తినిపించడం. ఎనిమిదింటికి పక్క వాటా ముసలావిడకి తాళంచెవి ఇచ్చి కార్ఖానాకి బయల్దేరేది. అక్కడ పుస్తకాలు కుట్టి అట్టలు అతికిస్తారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. అందుకే వీధిలో అందరికీ ఆవిడ బైండరమ్మ.

ఆయన్ని బోర్డులాయన అనేవాళ్ళు. ఆ చుట్టుపక్కల సగం దుకాణాల పేర్లు ఆయన చేతిరాతే. ఆరేళ్ళ కిందట ఒక మందుల షాపు బోర్డు రాస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. నడుం కిందనుంచి స్పర్శ పోయింది. పిల్లల్లేరు. ఇంట్లో ఇద్దరే.

పడ్డ దగ్గర్నుంచి ఆయన చిక్కిపోతూ వచ్చాడు, ఆవిడ లావెక్కుతూ వచ్చింది. ఆయన పళ్ళెంలో సగం వదిలేసేవాడు. పారేయడానికి మనసొప్పక ఆవిడ తినేసేది. దిగులేసినా తినేది, దిగులు తగ్గినా తినేది. నలభై తొమ్మిదో ఏట కుడి మోకాలు మెట్టు మెట్టుకీ కటుక్కుమనడం మొదలెట్టింది.

డాక్టరు ఇద్దర్నీ ఒకేరోజు చూశాడు. "ఎనభై ఎనిమిది కిలోలున్నావమ్మా. పదిహేనైనా తగ్గకపోతే ఆ మోకాలు నిన్నే మొయ్యదు, ఇంక ఆయన్నేం మోస్తావు?" అన్నాడు. ఆయన్ని బయట కూర్చోబెట్టి వచ్చాక గొంతు తగ్గించాడు. "ఆయన నలభై ఒక్క కిలోలే ఉన్నాడు. చలికాలంలో ఒక్క గట్టి జ్వరం వచ్చిందంటే తట్టుకోలేడు. సిద్ధంగా ఉండు."

ఆవిడ ఆ రాత్రి నుంచే తిండి మానేసింది. పొద్దున్న ఒక కప్పు పాలు, మధ్యాహ్నం రెండు పళ్ళు, అంతే. కార్ఖానాలో కళ్ళు బైర్లు కమ్మేవి. నెల తిరిగేసరికి అయిదు కిలోలు పోయాయి. సంతోషించాల్సింది పోయి అద్దం చూసుకుని భయపడింది. మొహం వాడిపోయింది. చేతులు చాపితే కింద చర్మం దండెం మీది దుప్పటిలా వేలాడింది. పొద్దున్న ఆయన్ని లేపుతుంటే మోచేతులు గజగజ వణికేవి.

గురువారం గురువారం ఒక నర్సమ్మ వచ్చేది. రిటైరైన మనిషి. సంచీలో బరువు చూసే మిషను వేసుకుని, మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగేది. ఆయన్ని తూచాలంటే బైండరమ్మ ఆయన్ని చేతుల్లోకి ఎత్తుకుని మిషనెక్కాలి. అందులోంచి ఆవిడ బరువు తీసేయాలి.

"నువ్వు ఎనభై మూడు," అంది నర్సమ్మ. "ఇద్దరూ కలిసి నూట ఇరవై తొమ్మిది. అంటే ఆయన నలభై ఆరు. పోయిన నెల కూడా నూట ఇరవై తొమ్మిదే." పాత చీటీలు తిరగేసింది. "ఆరేళ్ళ కింద ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినప్పుడు నువ్వు అరవై రెండు, ఆయన అరవై ఏడు. అప్పుడూ నూట ఇరవై తొమ్మిదే."

"అంటే?"

"అంటే ఏముంది? ఒక కప్పు కింద ఉండేవాళ్ళకి కొందరికి అంతే. నువ్వు తగ్గింది ఆయనకి చేరుతుంది. నువ్వు పెరిగితే ఆయన దగ్గర్నుంచే వస్తుంది. మా పిన్ని వాళ్ళింట్లో అన్నదమ్ములిద్దరికీ ఇలాగే ఉండేది. ఒక్కళ్ళు వేరింటికి పోగానే ఎవరిది వాళ్ళకే. టీ ఏమైనా పెడతావా?"

బైండరమ్మ టీ పెట్టడానికి వంటగదిలోకెళ్ళి, గట్టు పట్టుకుని నిలబడిపోయింది. ఇరవై ఆరు కిలోలు. ఆరేళ్ళలో తన ఒంటి మీదికొచ్చిన ప్రతి ముద్దా ఆయన ఒంట్లోంచి వచ్చిందే.

టీ తాగి నర్సమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని చూసింది. "ఇదేంటి, ఇంత మెత్తబడింది? పస్తులుంటున్నావా?"

"తొందరగా తగ్గిపోతే ఆయనకి తొందరగా చేరుతుందిగా."

"ఇప్పుడేగా తెలిసింది నీకు! తెలీకముందే మాడ్చుకున్నావు. విను. యాభైకి దగ్గరపడ్డ ఒళ్ళు తిండి లేకపోతే కొవ్వు కన్నా ముందు కండని తినేస్తుంది. కండ పోతే ఈయన్నెవరు ఎత్తుతారు, నేనా? చర్మానికీ టైమివ్వాలి. నెలకి కిలో, కిలోంపావు. అంతకన్నా తొందరపడితే సంచీలా వేలాడుతుంది. గుడ్లు తిను, చేపలు తిను, చిక్కుడు గింజలు తిను. పంచదార మానెయ్. నీళ్ళు తాగు. తిన్నగా నిద్రపో. కార్ఖానాలో కాగితం కట్టలుంటాయి కదా, చేతికొకటి పట్టుకుని కుర్చీలోంచి లే, కూర్చో. పూటకి ఇరవైసార్లు."

"ఇరవై సార్లే?"

"ముందు పది లే, చూస్తాను."

అలా మొదలైంది. మధ్యాహ్నం భోజనం గంటలో కుట్టు మిషన్ల వెనక బైండరమ్మ కాగితం కట్టలు పట్టుకుని లేచి కూర్చుంటుంటే తోటివాళ్ళు నవ్వారు. తర్వాత ఇద్దరు ముగ్గురు వచ్చి పక్కన నిలబడి తామూ లేచి కూర్చున్నారు. నెలకో కిలో. ఒక్కోసారి అదీ ఉండేది కాదు. కానీ పోయింది పోయినట్టే పోయేది. చర్మం నెమ్మదిగా దగ్గరికొచ్చింది. భుజాలకి ఒక గుండ్రం వచ్చింది. ఆయన నెలనెలా బరువెక్కుతున్నా, ఎత్తడం మాత్రం ఆవిడకి తేలికవుతూ వచ్చింది.

ఆయన బుగ్గలు నిండాయి. గడ్డం గీస్తుంటే కత్తికి ఇదివరకులా ఎముక తగల్లేదు.

"నీ బుగ్గలోయ్ ఇవి," అన్నాడు ఒకరోజు అద్దంలో చూసుకుంటూ. "నాకు మీసం ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే జనం నిన్నే అనుకుంటారు."

ఆ చలికాలం ఆయనకి రెండుసార్లు జ్వరం వచ్చింది. రెండుసార్లూ లేచి కూర్చున్నాడు. పద్నాలుగో నెలలో నర్సమ్మ మిషను చూసి చీటీ రాసింది. ఆవిడ డెబ్భై రెండు, ఆయన యాభై ఏడు.

"ఇక ఆపు. నీ ఎత్తుకి, నీ వయసుకి ఇది చాలు. ఇంకా తగ్గితే కండే పోతుంది. చూడు ఈ చెయ్యి, ముప్ఫై ఏళ్ళ పిల్లదానిలా ఉంది."

ఆవిడ ఆపింది. ఆ వేసవిలో ఆయనకి మూత్రపిండాల జబ్బు బయటపడింది. జబ్బు తీసుకెళ్ళేది ఇంట్లో ఎవరికీ చేరదు. రెండు వారాల్లో ఆయన కిలో పైన తగ్గాడు. మెడ కింద గుంటలు మళ్ళీ కనిపించాయి.

బైండరమ్మ మళ్ళీ తినడం మానేసింది, ఈసారి దొంగచాటుగా. కార్ఖానాలో డబ్బా పక్కవాళ్ళకి ఇచ్చేసేది. ఇంట్లో "అక్కడే తినేశానండీ" అనేది. గురువారాలు నర్సమ్మ వచ్చే ముందు, పుస్తకాలు నొక్కిపెట్టే ఇనప దిమ్మెలు రెండు నడుముకి గుడ్డతో కట్టుకుని పైన వదులు బట్టలు వేసుకునేది. మిషను డెబ్భై రెండు, నూట ఇరవై తొమ్మిది చూపించేది. "పర్లేదే, నిలబడ్డాడు," అనేది నర్సమ్మ. నిజంగానే ఆయన యాభై ఏడు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ మాత్రం అరవై ఆరుకి దిగింది.

ఒకరోజు పొద్దున్న ఎప్పట్లాగే ఆయన చేతులు మెడ చుట్టూ వేయించుకుని లేపబోయింది. ఆయన సగం లేచాడు. ఆవిడ చేతులు అక్కడితో ఆగిపోయాయి. ఇద్దరూ కలిసే కిందపడ్డారు. ఆయన మోచెయ్యి మంచం కోడుకి కొట్టుకుని చీరుకుపోయింది. ఆవిడ లేవబోయింది, కాళ్ళు మాట వినలేదు. ఇద్దరూ నేల మీద పక్కపక్కనే పడుకుని ఇంటి పైకప్పు చూస్తూ ఉండిపోయారు.

"ఎంత తగ్గావు?" అన్నాడు ఆయన.

"ఏం తగ్గలేదు."

"రోజూ నీ మెడ పట్టుకుని లేస్తానోయ్. నాకు తెలీదనుకున్నావా?"

తాళంచెవి ముసలావిడ వచ్చి చూసి, వీధిలోంచి ఇద్దర్ని కేకేసే దాకా అలాగే ఉన్నారు.

మూడు రోజుల తర్వాత ఆవిడ పని నుంచి వచ్చేసరికి మంచం మీద దుప్పటి లేదు. చక్రాల కుర్చీ లేదు. ఆడపడుచు ఒక్కతే స్టూలు మీద కూర్చుని ఉంది.

"అన్నయ్యే ఫోన్ చేసి పిలిచాడు వదినా. నేను వద్దనే చెప్పాను. వినలేదు. ఆ వంతెన అవతలి హోమ్‌లో చేర్పించి వచ్చాను."

"నాకు చెప్పకుండానా?"

"చెబితే పంపిస్తావా?"

బైండరమ్మ అలాగే వెనక్కి తిరిగి, రెండు బస్సులు మారి వెళ్ళింది. పొడుగాటి గదిలో పన్నెండు మంచాలు. కిటికీ పక్కది ఆయనది. మోచేతికి కట్టుంది.

"లేవండి, పోదాం," అంది.

"లేవగలిగితే నేనిక్కడెందుకుంటాను?" నవ్వబోయాడు, రాలేదు. "ఒక కప్పు కింద ఉంటే నువ్వు ఆగవు. అందుకే వచ్చేశాను."

"ఇక్కడుంటే కరిగిపోతారు మీరు."

"తెలుసు. ఇక్కడ ఆయాలిద్దరు కలిసి ఎత్తుతున్నారు నన్ను. నువ్వొక్కదానివే ఎత్తగలిగిన రోజు వచ్చి తీసుకెళ్ళు. అప్పటిదాకా అడక్కు."

ఆవిడ వారంపాటు ఆ వైపు పోలేదు. కోపం. అంత కోపం ఆయన నిచ్చెన మీంచి పడ్డ రోజున కూడా రాలేదు. గురువారం అలవాటు కొద్దీ నర్సమ్మ వస్తే ఇనప దిమ్మెలు తెచ్చి ఆవిడ ముందు పెట్టేసింది. నర్సమ్మ చాలాసేపు తిట్టింది. తిట్టి తిట్టి చివరికి, "ఒక్కోటి మూడు కిలోలుందా? కార్ఖానాకి తిరిగివ్వకు. చెరో చేతిలో పట్టుకో," అంది.

అన్నిట్లోకీ ఒంటరిగా కూర్చుని తినడం కష్టమైంది. ఎదురుగా ఖాళీ మంచం. అయినా గుడ్లు తింది, చేపలు తింది, నర్సమ్మ చెప్పినవన్నీ మందులా మింగింది. దిమ్మెలు పట్టుకుని లేచింది, కూర్చుంది. గోడకి చేతులాన్చి తోసింది. తొమ్మిదింటికల్లా దీపం ఆర్పింది. అరవై ఎనిమిది. డెబ్భై.

ఆదివారాలు హోమ్‌కి వెళ్తే ఆయన ఆవిడ దండచెయ్యి మీద బొటనవేలు పెట్టి నొక్కి చూసేవాడు. రాసిన బోర్డు ఆరిందో లేదో చూసినట్టు.

"ఊహూఁ. ఇంకా తడిగానే ఉంది."

ఆ బొటనవేలు ప్రతి ఆదివారం ఇంకాస్త సన్నబడేది. రెండో నెలలో ఉంగరం జారిపోతోందని తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. మూడో నెలలో కుర్చీలో కూర్చోవడం మానేశాడు. బస్సులో తిరిగొస్తూ ఆవిడ ఒకటే లెక్క వేసుకునేది. ముందు ఏది పూర్తవుతుంది, తన చేతులా, ఆయనా?

డెబ్భై రెండుకి చేరాక కూడా ఆవిడ వెళ్ళి తీసుకురాలేదు. ఇంకో మూడు వారాలు ఆగింది. నర్సమ్మ మిషను చూసి, ఆవిడ మొహం చూసి, చీటీ రాసుకుంది.

నాలుగు నెలలు నిండాక, చలి మొదలైన ఒక ఆదివారం, ఆయన బొటనవేలు ఆవిడ దండచెయ్యి మీద ఆగింది. ఇంకోసారి నొక్కాడు.

"ఆరింది," అన్నాడు.

ఆవిడ ఆయన కాళ్ళు మంచం అంచుకి లాగింది. మోకాలు ఆన్చింది. చేతులు పెనవేసి ఊపిరి బిగబట్టి లేపింది. ఆయన ఎంత సులువుగా లేచాడంటే, ఆవిడ వెనక్కి తూలబోయి నిలదొక్కుకుంది. పొట్లం విప్పితే లోపల ఏమీ లేనట్టుంది. అది తన చేతుల బలమో, ఆయన మిగిలిందే అంతో, ఆవిడకి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. అలాగే ఛాతీకి ఆనించుకుని, కుర్చీలో కూర్చోబెట్టడం మర్చిపోయి నిలబడింది. పక్క మంచాలవాళ్ళు చూస్తున్నారు.

"దింపవోయ్. చూస్తున్నారు," అన్నాడు ఆయన మెడ దగ్గర.

ఇంటికి వస్తూ ఆటోలో అడిగాడు. "ఎంతున్నావు?"

"డెబ్భై అయిదు."

"డెబ్భై రెండు కదా నీది?"

"మూడు మీకు. ఇంట్లో మీరుండగా పెంచుకుంటే మీ దగ్గర్నుంచే వచ్చేది. మీరు లేనప్పుడే పెంచుకున్నాను."

ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. ఆటో వంతెన దాటే దాకా ఇటు తిరగలేదు.

ఆవిడ నెలకి కిలో చొప్పున తగ్గింది. నెలకి కిలో చొప్పున ఆయనకి చేరింది. ఆయన నలభై అయిదు నుంచి నలభై ఎనిమిదికి వచ్చాడు. డెబ్భై రెండు దగ్గర ఆవిడ ఆగిపోయింది. ఈసారి దొంగతనాలేం లేవు. చేస్తే మళ్ళీ వంతెన దాటతానని ఆయన ముందే చెప్పాడు. కూర్చోగలిగినన్నాళ్ళు అట్టముక్కల మీద అక్షరాలు రాశాడు. ఆ చలికాలం గడిచింది, వేసవీ గడిచింది. ఆ మూడు కిలోలనీ జబ్బు కొంచెం కొంచెంగా పట్టుకుపోయింది. వానలు మొదలైన రెండో వారంలో, మధ్యాహ్నం పూట, ఆయన తన మంచం మీద పోయాడు. ఆ రోజు కార్ఖానాకి సెలవు. ఆవిడ పక్కనే ఉంది.

నర్సమ్మ ఆ తర్వాత కూడా కొన్ని గురువారాలు వచ్చింది. బైండరమ్మ తిన్న రోజులున్నాయి, తినని రోజులున్నాయి. మిషను ఒకసారి డెబ్భై మూడు, ఒకసారి డెబ్భై ఒకటి చూపించింది. ఇచ్చేవాళ్ళు గానీ పుచ్చుకునేవాళ్ళు గానీ ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.