రెండు తెరల ఎరుపు

...అయినా ఎరుపంటే ఏముంది, ముప్ఫై ఏళ్లు డబ్బాల కొద్దీ పూసిన రంగు, ఆసుపత్రి బోర్డులకీ, బట్టల దుకాణాల గోడలకీ, లారీల వెనకా, కళ్లు మూసుకుని కలిపేవాడు, ఇప్పుడు కళ్లు తెరుచుకున్నా కనబడటం లేదు, అదీ సంగతి, కంప్యూటర్ల దుకాణంలో బల్లమీద రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన తెరిచి ఉన్నాయి, రెండింటిలోనూ కూతురు గీసిన అదే పోస్టరు, ఒక పక్షి, దాని రెక్క ఎర్రగా ఉందట, కూతురు చెప్పింది కాబట్టి ఎర్రగా ఉంది, అతనికి మాత్రం రెండు చోట్లా ఇటుకపొడిలా ఉంది, నాన్నా నువ్వే చెప్పు, ఏది సరిగ్గా ఉంది, అని అడిగేసి ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

ఏం చెప్పేది, ఆమె చేరబోయే డిజైన్ కాలేజీవాళ్లు ఇచ్చిన కాగితంలో ఉన్నవన్నీ రెండింటికీ ఉన్నాయి, మెమరీ సరిపోయింది, గ్రాఫిక్స్ కార్డు సరిపోయింది, బరువు కూడా అటూ ఇటుగా ఒకటే, ఇక తేలాల్సింది తెర ఒక్కటే, రంగు తప్పుగా చూపించే తెరమీద నేర్చుకుంటే నాలుగేళ్ల చదువూ వంకర పోతుందని వాళ్ల మేడమ్ చెప్పిందట, ఈ పిల్ల దాన్ని మోసుకొచ్చి తన నెత్తిన పెట్టింది, పైగా వచ్చీ రాగానే సేల్స్‌మన్ దగ్గర గొప్పలు, మా నాన్నగారు సైన్‌బోర్డులు రాస్తారండీ, రంగు విషయంలో ఆయన్ని మించినవాళ్లు లేరు, దానికా బట్టతల సేల్స్‌మన్ అయితే మా పని తేలికైపోయింది సార్ అంటూ పళ్లన్నీ బయటపెట్టాడు, నవ్వవయ్యా, నీదేం పోయింది, పోయింది నా కన్ను, రెండు నెలల కిందట కళ్ల డాక్టరు లోపలికి లైటు వేసి చూసి, వెనక నరం ఎండుతోందండీ, ముందు రంగులు పోతాయి, పోయినవి తిరిగి రావు, ఉన్నదాన్ని నిలబెట్టడానికి చుక్కల మందు రాస్తాను అన్నాడు, ఆ సీసా బ్రష్షుల డబ్బా అడుగున గుడ్డలో చుట్టి ఉంది, ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలిస్తే ఈ పిల్ల చదువూ గిదువూ మానేసి రేపటినుంచే నిచ్చెనెక్కుతుంది, ఆ మొండితనం తన దగ్గర్నుంచే వచ్చింది, ఎవరిని అని ఏం లాభం, మొన్న మందుల దుకాణానికి రాసిన ఎర్ర బోర్డు గోధుమరంగుకి తిరిగితే తప్పంతా డబ్బామీదికి తోసేశాడు, ఈమధ్య రంగుల్లో ఏదేదో కలిపేస్తున్నారమ్మా అన్నాడు, ఆమె నమ్మేసింది, అంత తేలిగ్గా నమ్మడం చూసి అతనికి ప్రాణం చచ్చిపోయింది.

ఎండ, అవును, ఎండలో చూడాలి, ఇన్నేళ్లూ చేసింది అదే కదా, కలిపిన రంగు బొటనవేలి గోరుమీద చుక్క పెట్టుకుని గుమ్మంలోకి వెళ్లి చూడటం, తన గోళ్లు నిండిపోతే కూతురి గోరుమీద పెట్టేవాడు, ఐదేళ్ల పిల్ల వేలు చాచి కదలకుండా నిలబడేది, ఎండలో తెలుస్తుంది, ఎండలో ఏ రంగూ దాక్కోలేదు, అనుకుంటూనే ఎడమవైపు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని గుమ్మంవైపు నడిచాడు, ఎవరూ ఎత్తుకుపోకుండా బల్లకి కట్టిన తీగ వెనక బిగుసుకుంది, ఎక్కడో అలారం కీచుమని మొదలైంది, సార్ సార్, ఎక్కడికండీ అంటూ సేల్స్‌మన్ పరుగెత్తుకొచ్చాడు, దుకాణంలో వాళ్లందరూ దొంగని చూసినట్టు చూశారు, ఎండలో పెడితే తెర కనబడదు సార్, ఇది రంగు డబ్బా కాదు కదా అని నవ్వాడు, నిజమే, వెలుతురు పడగానే పక్షీ లేదు రెక్కా లేదు, తెరమీద వీధిలో పోయే బస్సు నీడ మాత్రం నల్లగా కనబడింది, కూతురు కూడా నవ్వింది, మా నాన్నంతేనండీ, పని రాక్షసుడు, అని ఎంత మురిపెంగా అందో, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తెచ్చి మళ్లీ ఎడమవైపే పెట్టేశాడు, ఇక మిగిలింది ఆమె మొహం, పరీక్షలో పక్కవాడి కాగితంలోకి తొంగిచూసినట్టు ఆమె కళ్లలోకి చూశాడు, ఎడమవైపుది చూసినప్పుడు కనుబొమ్మ కదిలింది, నచ్చి కదిలిందో నచ్చక కదిలిందో, కుడివైపుది ఎక్కువసేపు చూసింది, అయితే అదే అయుంటుంది, అదే, కుడివైపుదమ్మా, ఇదే అసలు ఎరుపు, అన్నాడు, గొంతు గట్టిగానే వచ్చింది, వేలుతో చూపించాడు కూడా, ఆమె, అవునా, నాకెందుకో అది నారింజవైపు పోతోందనిపించిందే, అంది, మళ్లీ వంగి చూసింది, కళ్లు చికిలించింది, తల విదిల్చుకుంది, సర్లే, నువ్వన్నావంటే నా కన్నే తప్పయుంటుంది, ఇదే ఇచ్చేయండి సార్, అంది, మంచిది పట్టారు సార్ అంటూ సేల్స్‌మన్ అట్టపెట్టె కోసం వెనక్కి తిరిగాడు.

నా కన్నే తప్పయుంటుంది, ఎంత తేలిగ్గా అనేసింది, రేపు క్లాసులో అందరూ ఎరుపన్నది తనకి నారింజగా కనిపిస్తే నోరు విప్పదు, నాన్న ఆ రోజే చెప్పాడుగా అనుకుంటుంది, నాలుగేళ్లు, ఆ తర్వాత ఎన్నేళ్లు, చూసింది చూసినట్టు నమ్మకుండా బతుకుతుంది, ఛీ, నా కన్ను పోయింది చాలక పిల్ల కన్ను కూడా పొడిచేస్తున్నానే, ఆగండి, అన్నాడు, అరిచినట్టే వచ్చింది, పెట్టె విప్పకండి, నాకు తెలియదమ్మా, రెండూ నాకు ఒకలాగే ఉన్నాయి, రంగులు పోయి రెండు నెలలైంది, డాక్టరు ఇక రావన్నాడు, మందుల దుకాణం బోర్డు తప్పు కూడా నాదే, ఆమె చెయ్యి వచ్చి అతని మోచేతిని పట్టుకుంది, గట్టిగా, ఏడుస్తుందేమోనని చూశాడు, ఏడవలేదు, మళ్లీ ఆ రెండు తెరలవైపే తిరిగి, ఎడమదే నాన్నా, అంది, ఈసారి ఆమె కనుబొమ్మ కదల్లేదు, అతనికి ఇటుకపొడి తప్ప ఏమీ కనబడలేదు, అయినా ఎడమదేనని తెలిసిపోయింది, ఆమె చెప్పింది కాబట్టి, ఇకమీద ఏ రంగైనా తను అడగాలి, ఆమె చెప్పాలి.