ఏడో నంబరు పాయింటు

నలభై ఏళ్లు సిగ్నల్ క్యాబిన్‌లో కూర్చుని అసలు రైళ్లకు దారి మార్చినవాణ్ణి నేను. క్లైవ్ ఆర్మరాడ్ బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాడు. లాంకషైర్‌లో బొమ్మ రైళ్లు నడిపే మా మోడల్ రైల్వే క్లబ్బుకు కార్యదర్శి అయ్యాక అతగాడికి కళ్లు నెత్తికెక్కాయి.

శనివారం ప్రదర్శన. స్విచ్చుల ప్యానెల్ ముందు కుర్చీ పదకొండేళ్లుగా నాది. నా చేతులు వణుకుతున్నాయని దాన్ని లాక్కోవాలని అతని ఎత్తు. రైలును ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే పాయింట్లకు మోటార్లు బిగించే పని నాకే అంటగట్టింది అందుకే. మా క్లబ్బులో ఒక నియమం ఉంది. ప్రతి పాయింటూ వరసగా వందసార్లు అటూ ఇటూ మారాలి. మధ్యలో ఆగితే, ఎవరి పనివల్ల ఆగిందో వాళ్లు ప్రదర్శన రోజంతా గుమ్మం దగ్గర టికెట్లు చింపాలి.

ఆ పరీక్షలో ఆరు పాయింట్లు గట్టెక్కాయి. ఏడోది, స్విచ్చి నొక్కుతూ లెక్కపెడుతున్న క్లబ్బు సభ్యురాలు ఈనిడ్ "అరవై రెండు" అనగానే సగంలో ఆగి గుర్రుమంది.

"అయిపోయింది పెద్దాయనా," అన్నాడు క్లైవ్, అందరికీ వినబడేలా. "ఆ చేతుల్లో టీ కప్పే నిలవదు, మోటారేం నిలుస్తుంది? శనివారం గుమ్మం దగ్గరికి దయచెయ్."

ఒళ్లు మండిపోయింది. బల్ల కిందికి దూరి, మరలు విప్పి మోటారును చేతిలోకి తీసుకున్నాను.

"స్విచ్చి నొక్కమ్మా, ఈనిడ్."

మోటారు హాయిగా ఆడింది. అంటే తప్పు పైన, పట్టాల్లోనే ఉంది.

"ఇంకా ఎంతసేపయ్యా ఈ నాటకం?" అన్నాడు క్లైవ్.

పైకి లేచి, పట్టాల మధ్య కదిలే పుల్ల కింద సూదితో గీకాను. ఆవగింజంత కంకర రాయి, ఎండిన జిగురుతో సహా ఊడి వచ్చింది. సగం అంటుకున్న రాయి, పుల్ల రాసుకునీ రాసుకునీ ఊడి కింద ఇరుక్కుంది.

"ఆదివారం కంకర పోసి జిగురు కొట్టిందెవరు మాస్టారూ? పుల్ల దగ్గర చుక్క కూడా వద్దని మూడుసార్లు చెప్పానా లేదా?"

క్లైవ్ ముఖం కందగడ్డలా అయింది. "ఒక్క రాయికి ఇంత రాద్ధాంతమా!"

మోటారు మళ్లీ బిగించాను. చేతులు నిజంగానే వణికాయి. ఒక మర రెండుసార్లు కింద పడింది. క్లైవ్ నవ్వాడు. నవ్వుకోనిచ్చాను. ఈనిడ్ మొదటి నుంచి లెక్కపెట్టింది. వందా పూర్తయ్యాయి.

"చూశారుగా, ఎలా వణుకుతున్నాయో!" అన్నాడతను.

"వణుకుతాయి. మోటారు వణకదు. టికెట్ల కట్ట బీరువాలో ఉంది, తీసుకోండి."

శనివారం వాన పడింది. గుమ్మంలోంచి చలిగాలి కొడుతూనే ఉంది. తలుపు కాస్త దగ్గరికి వెయ్యమని నేనెవరికీ చెప్పలేదు.