గాంగి కాళ్లు ఆగని రోజు

ఆదివారం వస్తే లచ్చిరాం తన పాత జీపు కింద గోనెసంచి పరుచుకుంటాడు. మరమ్మతుకు షెడ్డుకు ఇవ్వడు. నట్లు విప్పే పానాలు, జాకీ అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. పని మొదలుపెట్టే ముందు మాత్రం తల్లి గాంగిని అడుగుతాడు.

"యాడీ, ఏడ నొస్తుంది?"

జీపుకు ఏమైతే ఆమెకూ అదే. బేరింగులో గ్రీజు ఎండితే ఆమె మోకాలు కిర్రుమంటుంది. ఫిల్టరులో దుమ్ము నిండితే ఆమెకు దగ్గు. ఎల్లారెడ్డి అవతలి ఆ తండాలో అందరికీ తెలిసిందే. కూలికి పోయే ఆడవాళ్లు "మంచిగున్నవా అవ్వా?" అని అడిగాకే జీపెక్కుతారు.

ఆ ఆదివారం గాంగి నల్లా దాకా నడిచి, అక్కడ ఆగలేకపోయింది. కాళ్లే ఆమెను లాక్కుపోయి గోడకు కొట్టాయి. నుదురు చిట్లింది.

"బ్రేకులు," అన్నాడు లచ్చిరాం.

రేపు పత్తి ఏరడానికి ఆడవాళ్లను పక్క ఊరి చేలకు తీసుకుపోవాలి. బ్రేకులు బాగుచేయాలంటే పాత ఆయిల్ తీసేయాలి. గేరుబాక్సు విప్పిననాడు సాయంత్రం దాకా తల్లికి మాట పడిపోయింది. ఇప్పుడు కాళ్లేమవుతాయో.

"తియ్యి బిడ్డా," అంది గాంగి అరుగు మీద కూర్చుంటూ. "వాళ్ల పానాలు నీ చేతుల్నే ఉన్నయి గదా."

జీపును జాకీతో లేపి వెనక చక్రం ఊడదీశాడు. ఆయిల్ డబ్బాలోకి కారుతుంటే ఆమె పాదాలు చల్లబడి, స్పర్శ పోయింది. అది చూసి లచ్చిరాం గబగబా పని ముగించబోయాడు. ఆ భయంలో జీపు కింద ఆసరాగా రాయి పెట్టడం మరిచాడు. బ్రేకులో కొత్త రబ్బరు కప్పులు వేసి, కొత్త ఆయిల్ పోశాడు. భార్య కళను బ్రేకు తొక్కమని, గొట్టంలో గాలి తీయడానికి కిందికి దూరాడు.

"తొక్కు... పట్టుకో... ఇడువు."

జాకీ మట్టిలోకి దిగబడి పక్కకు జారింది. ఇనుము వచ్చి అతని రొమ్ము మీద కూర్చుంది. అరవడానికి ఊపిరి లేదు. పైన కళ కేక పెట్టింది.

గాంగి అరుగు గుంజను పట్టుకుంది. స్పర్శ లేని పాదాల మీదే లేచింది. పళ్లు బిగించి నడుం నిటారు చేసింది. ఆమె లేచినకొద్దీ జీపు లేచింది. జానెడు సందు దొరికింది. లచ్చిరాం మోచేతుల మీద పాకి బయట పడ్డాడు.

"వచ్చినవా?"

"వచ్చిన, యాడీ!"

ఆమె కూలబడింది. జీపు ధన్‌మని పడి, ఎడమపక్క బరువు మోసే కమాను పట్టీ విరిగింది. గాంగి నడుం ఎడమకు వంగిపోయింది.

లచ్చిరాం బస్సెక్కి కామారెడ్డి పోయి కొత్త కమాను తెచ్చాడు. ఈసారి రాళ్లు పెట్టి బిగించాడు. బ్రేకులో మిగిలిన గాలీ తీశాడు. జీపు తిన్నగా నిలబడింది. తల్లి నడుం మాత్రం తిన్నగా రాలేదు.

"ఏడ నొస్తుంది?" అనడిగాడు భయంగా.

"నడుం. గిది నాదే బిడ్డా. బండిది నాకిప్పుడు ఏం తెలుస్తలేదు."

తెల్లారి ఆడవాళ్లు వచ్చి ఆమె ముందు నిలబడ్డారు.

"నన్నడుగకుండ్రి," అంది గాంగి. "వాన్నడుగుండ్రి."

లచ్చిరాం మళ్లీ కిందికి దూరి ఒక్కో నట్టూ తడిమాడు. ఊగేది ఏదీ లేదు. అయినా లేచి రావడానికి చాలాసేపు పట్టింది.

"పోదమా అన్నా?"

"పోదం."

రోడ్డు మీద దిగుడు వచ్చింది. వెనక ఆడవాళ్లు కమ్ములు గట్టిగా పట్టుకున్నారు. లచ్చిరాం బ్రేకు మీద కాలు పెట్టాడు. బండి నెమ్మదించింది. అయినా ఆ కాలు తీయలేదు. చేల దాకా జీపును మనిషి నడిచినట్టే పోనిచ్చాడు.