చెమర్చిన గచ్చు

కొత్తపేట నుంచి రాజోలు దాకా ఎవర్నైనా అడగండి. గచ్చు మీద అరికాలు ఆనించి, ఆ సిమెంటు ఏ నూతి నీళ్లతో కలిపేరో, ఎన్నాళ్లకి ఆరుతుందో చెప్పగల మనిషిని నేనొక్కణ్ణే. అంబాజీపేటలో ఒకాయన ఇంట్లో కాలు పెట్టి, "మీ గచ్చు కింద మూరెడు లోతున ఇత్తడి చెంబుందండీ" అన్నాను. తవ్వితే చెంబూ ఉంది, అందులో వేడి తగ్గని కాఫీ కూడా ఉంది.

ఈ కథలో అటువంటి కాలే ఇంకొకటుంది. సత్యదుర్గ మామగారిది. దానివల్లే ఆ పిల్ల నలుగురిలో తలొంచుకోవలసి వచ్చింది.

దుర్గ అమలాపురంలో కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. పాత ఇంట్లో పదిహేనేళ్లపాటు చీకటితో లేచి నాలుగు గదులూ వసారా తడిగుడ్డతో తుడిచి, వంటచేసి, క్యారేజీలు సర్ది, ఎనిమిదింటి బస్సుకి పరిగెత్తేది. కర్ర మాప్‌తో తుడిస్తే మూలలు రావని అత్తగారు అనేవారు. ఆవిడ పోయేక ఆ మాట మామగారు అందుకున్నారు. తుడిచి తుడిచి దుర్గ మోకాళ్లు నల్లగా కాయలు కాసేయి. డాక్టరు చీర కాస్త పైకి తియ్యమంటే నొప్పికంటే ముందు సిగ్గు ముంచుకొచ్చేది, ఏదో దొంగతనం బయటపడ్డట్టు.

కొత్త ఇంటికి మార్బుల్ వేయిద్దామన్నాడు మొగుడు కృష్ణమోహన్. దుర్గ మొట్టమొదటిసారి నోరు తెరిచి ఓ కోరిక కోరింది: లగ్జరీ వినైల్ ఫ్లోరింగ్. ప్లాస్టిక్కే గానీ చూడ్డానికి టేకు పలకల్లా ఉంటుంది, కాలికి మెత్తగా ఉంటుంది, నించుని మాప్ తిప్పితే చాలు.

"నీ మోకాళ్ల కోసం కడుతున్నామేంటి ఇల్లు?" అన్నాడు గానీ, షాపుకి తీసికెళ్లేడు.

షాపులో శాంపిల్ పలకలు కింద పరిచి, "చేత్తో తాకి చూడండి మేడమ్" అన్నారు. దుర్గ మోకాళ్ల మీద కూర్చుంది. చెయ్యి వేసింది. పలక మీద కాస్త దుమ్ము ఉంది కాబోలు, తనకి తెలీకుండానే కొంగు తీసి ఆ మూల నుంచి ఈ మూల దాకా తుడిచేసింది.

"ఇంకా కొనలేదే బాబూ, అప్పుడే మొదలెట్టేసింది!" అన్నాడు కృష్ణమోహన్. షాపంతా నవ్వేరు. దుర్గా నవ్వింది. చెవులు మాత్రం కాలిపోయేయి.

పరిచే మేస్త్రీ విజయకుమార్‌ది రామచంద్రపురం. వస్తూనే హాలు మధ్యలో జానెడు ప్లాస్టిక్ కాయితం పరిచి నాలుగు పక్కలా టేపు అంటించేడు. మూడోనాడు చూస్తే కాయితం లోపల చెమట బిందువులు. "గచ్చింకా ఆరలేదండి. వెనకాల పంటకాలవ కదండీ. నెల్లాళ్లు ఆగాలండి. ఇప్పుడు పలకలేస్తే కింద జిగురు కరిగిపోద్దండి."

ముహూర్తం పదకొండు రోజుల్లో ఉంది. మామగారు చెప్పులు విడిచి, కుడికాలు గచ్చు మీద ఆనించి, కళ్లు మూసుకున్నారు.

"ఎండిపోయింది. వేసేయవయ్యా."

"మావయ్యగారూ, కాయితం చెమరుస్తోందండి..." అంది దుర్గ.

"కాయితం మాటా, నా కాలి మాటా?"

కృష్ణమోహన్ మొబైల్లోంచి తలెత్తలేదు. "నాన్నగారు చెప్పేరుగా."

"ఆయ్, మీ ఇష్టమండి," అన్నాడు విజయకుమార్. దుర్గకేసి తిరిగి గొంతు తగ్గించి, "ఫొటో తీసి ఉంచుకోండమ్మా, రేపు నామీద మాట రాకుండా" అన్నాడు. తీసింది.

గృహప్రవేశం నాడు పొద్దున్నంతా కృష్ణమోహన్ వచ్చిన వాళ్లకి నేల చూపించేడు. "నేనే దగ్గరుండి వేయించేనండి." సత్యనారాయణ వ్రతం నాలుగో కథలో పంతులుగారు సామాను అందుకోడానికి లేవబోయేరు. పంచెతో పాటు పలక కూడా లేచింది. పంతులుగారు అటు తిరిగితే పలకా అటు తిరిగింది. కింద తెల్లటి జిగురు, పాయసంలా.

కృష్ణమోహన్ అక్క పెద్దింట్లమ్మ పట్టుచీర కూడా కింద అంటుకుంది. "ఇదేంటే దుర్గా! ఇల్లు కట్టేవా, అప్పడాల పిండి పరిచేవా?"

"మా ఆవిడ సెలెక్షనండి," అన్నాడు కృష్ణమోహన్. "ఫోన్లో చూసి ముచ్చటపడింది."

దుర్గ మామగారి వేపు చూసింది. ఆయన సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు. మూడే ఉంటాయి. చాలాసేపు లెక్కపెట్టేరు.

"నాదే పొరపాటండి," అంది దుర్గ. "తెలీక ఎంచుకున్నాను."

గుడ్డా వేణ్ణీళ్లూ తెచ్చి, పట్టుచీరతోనే, అందరి కాళ్ల మధ్యా మోకాళ్ల మీద కూర్చుని జిగురు తుడిచింది. మోకాలు ఆనించకూడదని కొనుక్కున్న నేల అది. ఆ పూట నూట యాభై మంది భోజనాలు చేసి వెళ్లేరు, అందరికీ వడ్డించింది కూడా. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. ఎవరూ ఒప్పుకోమనలేదే. ఫోన్లో ఫొటో ఉందే, చేతికందే దూరంలోనే ఉందే. షాపులో చెయ్యి దానంతటది ఎలా తుడిచేసిందో, ఇక్కడ నోరూ దానంతటది అలాగే ఒప్పేసుకుంది. ఇన్నేళ్లలో ఇంకెన్ని ఒప్పుకున్నానో, అవి ఎవరి పొరపాట్లో! పప్పులో ఉప్పు, పిల్లాడి మార్కులు, అత్తగారి బీపీ... తల్చుకున్నకొద్దీ, జిగురు చూసి నవ్విన వాళ్లకంటే తన నోటిని చూసి తనకే ఎక్కువ సిగ్గేసింది.

వారం తర్వాత విజయకుమార్ పలకలన్నీ పీకేసేడు. "ఇంక మార్బులే," అన్నాడు కృష్ణమోహన్.

"కాదండి. ఇదే. గచ్చు ఆరేక," అంది దుర్గ.

గొంతు పెంచలేదు. ప్లాస్టిక్ కాయితం తనే పరిచి, తనే టేపు అంటించి, స్కెచ్ పెన్నుతో తారీకు వేసింది. అక్కడే కూర్చుని ఫోను తీసి, ఆనాటి ఫొటో ఇంటివాళ్ల గ్రూపులో పెట్టింది. కాయితం, దాని కింద చెమట బిందువులు, ఓ మూల మామగారి కుడికాలు. కింద రాసింది: "పలకలు వేయకముందు తీసింది. అందరం చూసేం. నాదే పొరపాటని ఆవేళ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

ఇరవై ఏడుగురు చూసేరు. చివరికి మామగారొక్కరే జవాబిచ్చేరు: "నాదే తప్పమ్మా."

కాఫీ సంగతి మీరెలాగూ నమ్మలేదు. అంబాజీపేటలో నేను కాలే పెట్టలేదు. నా కాలికి చెప్పుల్లో ఏది ఎడమదో కూడా తెలీదు. పంతులుగారి పంచెకి పలక అంటుకోవడం కూడా నమ్మి ఉండరు, అది మాత్రం అక్షరాలా నిజం. ఆ పిల్ల మోకాళ్లూ నిజమే, పదిహేనేళ్లు చూస్తూ చూడనట్టున్నాను.

నేను కల్పించింది గ్రూపులో మామగారి జవాబు. ఫొటోలో కాలు నాదే. "నాదే తప్పమ్మా" అని టైపు చేసేను. పంపలేదు.