ముప్ఫై ఒక్క చేతుల పలక

మా ఫౌండ్రీలో ఇనుము పోసే పొట్టోడి కాళ్ళ మీద కరిగిన ఇనుము ఒలికినప్పుడు నేను పదడుగుల దూరంలో అచ్చుల ఇసుక తడుపుతున్నాను. ఇనుము మోసే బాల్చీ పిడి పగిలిందని వాడు పొద్దున్నించీ మొత్తుకుంటూనే ఉన్నాడు. "ఇంకో రెండు పోతలు పోసి చావరా" అన్నాడు కాంట్రాక్టరు. రెండో పోతకి పిడి ఊడింది. మోకాళ్ళ కింద ఏమీ మిగల్లేదు, సాయంత్రానికల్లా వాడు పోయాడు. కాంట్రాక్టరు వచ్చి, "అచ్చు పాడవలేదు కదా?" అనడిగాడు. మనిషి పుటక పుట్టినవాడు అడిగే మాటేనా అది!

మర్నాడు అన్నాలవేళ ఇసుక షెడ్డులో అందరం కూర్చున్నాం. మా అన్న బట్టీ మేస్త్రీ. "బాల్చీల పిడులు మార్చేదాకా రేపట్నించి బట్టీ వెలిగించేది లేదు. ఎవడి ఒంటి మీదా చెయ్యి వెయ్యొద్దు. సరేనా?" అన్నాడు.

మా షెడ్డులో మాటివ్వడమంటే అచ్చుపెట్టెలో తడి ఇసుక మీద అరచెయ్యి నొక్కడం. సంతకాలు రానోళ్ళం, ఇంకేం చేస్తాం? ముప్ఫై ఒక్కమందిమి నొక్కాం. ఇళ్ళకి పోయేముందు ఆ ఇసుక చెరిపెయ్యడం అలవాటు. ఆరోజు మా అన్నకి ముచ్చటేసి, బట్టీలో మిగిలిన ఇనుము దాని మీద పోసేశాడు. "ఉండనీవే చెల్లీ, మన మాట గట్టిగా ఉంటుంది" అని నవ్వాడు. ఆ ముచ్చటే మా కొంప ముంచింది.

మూడోనాడు కాంట్రాక్టరు ఇరవైమంది గూండాల్ని వేసుకుని గేటు దగ్గరికి వచ్చాడు. ఇనపకడ్డీలతో తలలు పగలగొట్టారు. నా ముంజెయ్యి విరిచారు. ఇసుక జల్లించే ముసలమ్మని కాంట్రాక్టరే జుట్టు పట్టి ఈడ్చి, గొంతు మీద బూటు పెట్టి తొక్కాడు. ముసలమ్మ కళ్ళు తేలేసింది. మా అన్న అచ్చుల్లో ఇసుక కూరే దిమ్మిసతో వాడి తల మీద ఒక్కటిచ్చాడు. వాడు మళ్ళీ లేవలేదు. ముసలమ్మ బతికింది.

గొడవనాడు జ్వరంతో ఇంట్లో పడుకున్న మా అచ్చుల వడ్రంగితో సహా అందర్నీ పోలీసులు పట్టుకుపోయారు. ఇన్‌స్పెక్టరు మా చేతులు పోతపోసిన ఆ ఇనప పలకని బల్ల మీద ధడేల్మని పడేశాడు. "ఇదే మీ కుట్ర. ఇందులో చెయ్యున్న ప్రతివాడూ హంతకుడే. ఒకడు కొడితే అందరూ కొట్టినట్టే!"

మా తరఫు ప్లీడరమ్మ లాకప్పు దగ్గరికి వచ్చి, "మాట దేనికిచ్చారన్నదే ముఖ్యం" అంది. "బట్టీ ఆపడానికా, మనిషిని చంపడానికా? చంపడానికే అని మీలో ఒక్కరు అప్రూవరై సర్కారు వైపు సాక్ష్యం చెబితే చాలు, అందరి మెడకీ ఉరే."

ఆ ఒక్కరి కోసం మా అన్నని పక్కగదిలోకి తీసుకెళ్ళారు. మాకూ ఆ గదికీ మధ్యలో ఒక్క గోడే.

"చెప్పరా, అందరూ కలిసే అనుకున్నారని! నిన్ను వదిలేస్తాం."

"కొట్టింది నేను. నేనొక్కణ్ణే. మేమనుకున్నది బట్టీ ఆపడం."

మాటకో దెబ్బ. ఎముక విరిగిన చప్పుడు కూడా వినబడింది. చచ్చినవాడి తమ్ముడు అక్కడే కూర్చుని, "ఇంకాస్త తగలనియ్యండి" అంటున్నాడు. మూడోరోజుకి నావల్ల కాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, గోడకి తల బాదుకుని, "చెప్పెయ్ అన్నా, బతుకుతావు!" అని అరిచాను.

"నోర్ముయ్యవే! ముప్ఫైమంది ప్రాణాలు..." అన్నాడు. తర్వాత దెబ్బలే వినబడ్డాయి, వాడి గొంతు లేదు.

కాలు జారి పడి చచ్చాడని రాసుకున్నారు.

కోర్టులో పలక చూపించి, "నీ చెయ్యేది?" అనడిగాడు సర్కారు ప్లీడరు. కట్టు విప్పి, వాచిన చెయ్యి నా చేతి అచ్చు మీద పెట్టాను. పక్కనే చిటికెనవేలు సగమే ఉన్న అచ్చు. "ఇది మా అన్నది" అన్నాను.

"అయ్యా, ఒకడు కొడితే అందరూ కొట్టినట్టే అన్నారు కదా. మా అన్నని కొట్టిన కానిస్టేబుళ్ళు, కొట్టమన్న ఇన్‌స్పెక్టరు, కూర్చుని ఎగదోసిన కాంట్రాక్టరు తమ్ముడు, వీళ్ళంతా ఒక్క మాట మీద ఉన్నవాళ్ళే. వాళ్ళ మీద కేసేదీ?"

"సాక్ష్యం ఉందా?" అన్నాడు జడ్జి.

ముసలమ్మ లేచింది, తొక్కిన గొంతుతోనే. "నేను విన్నాను." వడ్రంగి లేచాడు. "నేనూ విన్నాను." ముప్ఫైమందిమీ లేచాం. జడ్జి బల్ల గుద్ది వాయిదా వేశాడు. బయట గుమిగూడిన జనం మీద లాఠీలు విరిగాయి, మెట్ల మీద నెత్తురు.

మమ్మల్ని వెనక్కి తీసుకెళ్తున్న వ్యాను పోలీసు స్టేషను ముందు ఆగింది. పక్క ఫౌండ్రీలవాళ్ళు మాకన్నా ముందే వచ్చిపోయినట్టున్నారు. స్టేషను గోడ నిండా మసి చేతుల గుర్తులే, మనిషి ఎత్తున, వందల్లో. కానిస్టేబులు నీళ్ళు కొట్టి కడుగుతున్నాడు. కడిగిన చోటే ఎవరో తల పగిలిన మనిషి వచ్చి, వాడి ముఖంలోకి చూస్తూ నింపాదిగా అరచెయ్యి నొక్కాడు. అతన్ని లాఠీలతో కుళ్ళబొడిచి తెచ్చి మా వ్యానులోకి తోశారు.

నేను జరిగి, అన్న కూర్చునే చోట కూర్చోబెట్టుకున్నాను. మళ్ళీ ముప్ఫై ఒక్కమందిమయ్యాం.